తాత ఓటేసిన చుక్క, సర్కారు పెట్టిన చుక్క

చెల్లి పెళ్లి కుదరగానే ఎకరా పొలం అమ్మేద్దామని మా నాయన తీర్మానించుకున్నాడు. అది 2017 జనవరి. కొనేవాళ్లు పక్క ఊరివాళ్లే, మాకు బాగా తెలిసినవాళ్లు. బేరం తెగింది. అడ్వాన్సు యాభై వేలు చేతిలో పడింది. మంచిరోజు చూసుకుని, పాత దస్తావేజులన్నీ సంచిలో పెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి పోయాం. బయట రేకుల పందిట్లో కూర్చునే దస్తావేజుల రైటరు సర్వే నంబరు కంప్యూటర్లో కొట్టి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు: "ఇది కాదు పెద్దాయనా. 22ఏలో ఉంది, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని జాబితా. చుక్కల భూమి."

"చుక్కలేంది?" అన్నాడు నాయన.

"పాత రికార్డులో మీ నంబరుకి ఎదురుగా పేరు లేదు, చుక్కలున్నయ్. అంటే గవర్నమెంటుది కావచ్చు."

"కావచ్చు అంటే? అవునా, కాదా?"

ఆ మనిషి జవాబు చెప్పలేదు. ఆయన తప్పేం లేదు, ఆయన దగ్గర జవాబు లేదు. నాయన సంచిలోంచి 1958 నాటి కొనుగోలు దస్తావేజు తీసి బల్ల మీద పెట్టాడు. మా తాత ఆ పొలాన్ని ఇంకో రైతు దగ్గర కొన్నప్పటి కాగితం. ఉడికించిన ఆకులా మెత్తబడిపోయి, మడతల దగ్గర చిరిగి, వెనకాల గుడ్డ అంటించి ఉంటుంది. దాని మీద స్టాంపు ఉంది, రుసుము కట్టించుకున్న లెక్క ఉంది, సబ్ రిజిస్ట్రారు సంతకం ఉంది. "ఇదీ మీ ఆఫీసు ముద్రే గదా నాయనా. ఆ రోజు డబ్బు తీసుకుని ముద్ర ఏసింది మీరే గదా," అన్నాడు. మా నాయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. కానీ ఆ కాగితాన్ని మళ్లీ మడిచి సంచిలో పెట్టుకునేటప్పుడు ఆయన చేతులు వణకడం నేను చూశాను.

అడ్వాన్సు తిరిగిచ్చేశాం. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పెళ్లి చేశాం. ఆ అప్పు తీరడానికి ఐదేళ్లు పట్టింది. మూడెకరాల నలభై రెండు సెంట్లు ఉన్న మనిషి, ఒక్క సెంటు కూడా అమ్ముకోలేక, కుదువ పెట్టుకోలేక, భూమి లేనివాడి వడ్డీకి అప్పు తెచ్చాడు. నేను రాజకీయంగా ఏమిటో నాకు తెలిసింది ఆ ఐదేళ్లలోనే. లిబర్టేరియన్ అనే మాట తర్వాత పుస్తకాల్లో దొరికింది. స్వేచ్ఛావాది అని తెలుగులో అంటే సరిపోతుందో లేదో నాకు ఇప్పటికీ సందేహమే. మనిషి తన ఒంటికి, తన కష్టానికి, ఆ కష్టంతో సంపాదించుకున్నదానికి తానే యజమాని అని, ప్రభుత్వం దానికి కాపలాదారు మాత్రమే అని నమ్మేవాణ్ణి. ఇంతే నా సిద్ధాంతం. మిగతాది ఈ ఊళ్లో, ఈ కాగితాల్లో నేర్చుకున్నదే.

మాది కలిగిరి వైపు మెట్ట. కనుపూరు కాలవ కింద వరి పండించేవాళ్ల నెల్లూరు వేరు, మా నెల్లూరు వేరు. మాకు పొగాకు, మినుము, కంది, వాన పడకపోతే జామాయిల్ తోపులు. ఈ మెట్టలో చుక్కల భూముల గొడవ తగలని ఊరు తక్కువ.

సమాచార హక్కు కింద ఆ పాత రిజిస్టరు పేజీ నకలు అడిగాను. మండలాఫీసులో దరఖాస్తుకి ఐదు రూపాయలే, జవాబుకి 30 రోజులు గడువు. నాకు మూడు నెలలు, గుర్తుచేస్తూ రెండు ఉత్తరాలు, ఒక అప్పీలు పట్టింది. చివరికి వచ్చింది. ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. మా పెద్దవాళ్లు డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లో అచ్చేసింది కాబట్టి. తెల్లవాళ్ల కాలంలో భూములన్నీ మళ్లీ కొలిచి, శిస్తు కట్టి తయారుచేసిన లెక్క అది. వరసగా గళ్లు: సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు. మా నంబరుకి అన్నీ నిండి ఉన్నాయి. చివరి గడిలో మాత్రం పేరు లేదు. అచ్చులో ఏడు చుక్కలు. వేలు పెట్టి లెక్కపెట్టాను. పైనున్న నంబరుకి పేరుంది, కిందున్న నంబరుకి పేరుంది. మధ్యలో మాకు ఏడు చుక్కలు.

ఎందుకు పెట్టారో రికార్డులో ఎక్కడా లేదు. మా ఊళ్లో ఒక పాత కరణం గారు ఉండేవారు. 1984లో రామారావు ప్రభుత్వం కరణం మునసబుల వ్యవస్థ తీసేసినప్పుడు ఉద్యోగం పోయినా, ఊరి లెక్కంతా ఆయన తలలోనే ఉండేది. ఆయన చెప్పింది: "కొలతకి వచ్చిన రోజు మనిషి పొలం దగ్గర లేకపోయినా, పాలోళ్ల మధ్య తగాదా ఉన్నా, ఇది ఎవరిదో రేపు చూద్దాం అనుకున్నా ఆ గడిలో చుక్కలు పెట్టి ముందుకి పోయేవాళ్లు అబ్బయ్యా. ఆ రేపు మళ్లీ రాలా." రాని ఆ రేపటి కోసం వందేళ్లు గడిచాయి. ఈలోపు ఆ భూమి అమ్ముడుపోయింది, పంపకాలైంది, బ్యాంకులో పంటరుణం తీసుకుంది, తీర్చింది. సర్కారే శిస్తు రశీదులిచ్చింది, పట్టాదారు పాసు పుస్తకం కూడా ఇచ్చింది. 2016లో ఒక నిర్ణయంతో చుక్కలున్న నంబర్లన్నిటినీ నిషేధిత జాబితాలో చేర్చేశారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్, మన రాష్ట్రం 2007లో మళ్లీ చేసుకున్న సవరణ, ఆ జాబితాకి ఆధారం. పొలంలో ఒక గట్టు కదల్లేదు. ఒక్క మనిషికి నోటీసు రాలేదు. తెర మీద ఒక గడి ఎర్రబడింది, అంతే.

ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్నదంతా ఒకటే. నాది అని నేను నిరూపించుకోవాలా, నాది కాదని సర్కారు నిరూపించాలా?

మామూలు మనుషుల మధ్య ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడో తేలిపోయింది. పక్కింటాయన వచ్చి నీ పొలం నాది అంటే, కాగితం ఆయన చూపించాలి. కోర్టుకి ఆయన పోవాలి. నేను నా మానాన దున్నుకుంటూ ఉండొచ్చు. పన్నెండేళ్లు నా అనుభవంలో బహిరంగంగా ఉన్న భూమిని ఇంకొకరు వచ్చి నాది అని దావా వేస్తే, మామూలుగా కాలదోషం పట్టిందని కొట్టేస్తారు. అదే లిమిటేషన్ చట్టం, 1963లో చేసింది, ప్రభుత్వం దావా వెయ్యాలంటే మాత్రం 30 ఏళ్లు గడువిచ్చింది. అంటే కాగితాలు, సర్వేయర్లు, వకీళ్లు, జీతాలు అన్నీ ఉన్నవాడికి ఎక్కువ గడువు. ఏమీ లేనివాడికి తక్కువ. సరే, ఆ 30 ఏళ్లనైనా పాటించారా? మా తాత కొని అప్పటికి 59 ఏళ్లు. దావా వెయ్యలేదు, వేస్తే ఓడిపోతారు. దావా అవసరం లేకుండా జాబితాలో పెడితే చాలు, దావాకి నేనే తిరగాలి. ఆ జాబితాలో అన్నిటికన్నా నన్ను బాధించేది ఈ తిరగేసిన పద్ధతే. కంచే చేను మేస్తే అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆస్తి హక్కు ఒకప్పుడు మనకి ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణతో దాన్ని ఆ వరసలోంచి తీసేసి, 300ఏ అనే అధికరణంగా వేరే చోట కూర్చోబెట్టారు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు అంటుంది అది. అప్పుడు చాలామంది సంతోషించారట, జమీందార్ల పీడ వదిలిందని. మా ఊళ్లో ఆ హక్కు అవసరమైంది జమీందారుకి కాదు. మూడెకరాల మెట్టరైతుకి.

మా తాత ఈ మాట ముందే గ్రహించాడేమో అనిపిస్తుంది నాకు. ఆయన 1962లో, 67లో ఓటు వేసింది చుక్క గుర్తుకి. స్వతంత్ర పార్టీ గుర్తు నక్షత్రం, మా ఊళ్లో దాన్ని చుక్క గుర్తు అనేవాళ్లు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానం చేసింది. పొలాలన్నీ కలిపేసి కలిసి సాగు చెయ్యాలని. నిడుబ్రోలు ఆచార్య రంగా కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చేశాడు. ఎనభై ఏళ్ల రాజాజీతో కలిసి ఆ ఏడాదే పార్టీ పెట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. పర్మిట్ లైసెన్స్ కోటా రాజ్యం అనే మాట రాజాజీదే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచిన పార్టీ, 1974 కల్లా ఇంకో పార్టీలో కలిసిపోయి మాయమైంది. ఇప్పుడు మా జిల్లాలో ఆ పేరు చెబితే డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు తప్ప ఎవరూ తలెత్తరు. పెద్ద భూస్వాముల పార్టీ అని దానికో పేరుంది. అందులో పెద్ద భూస్వాములు ఉన్నారు, దాన్ని నేను దాచను. కానీ మా తాతకి అప్పుడున్నది ఈ మూడెకరాల నలభై రెండు సెంట్లే. ఎందుకేశావు తాతా అని చిన్నప్పుడు అడిగితే, "నా గట్టు మీద నేను నిలబడాలంటే ఇంకొకణ్ణి అడగాల్సొస్తే నేను రైతుని కాదబ్బయ్యా, జీతగాణ్ణి" అన్నాడు.

ఇక పొగాకు. దీని దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే మా వైపు నేను ఈ వాదన మొదలుపెట్టగానే ముందు నా మీదికి వచ్చేది పొగాకు రైతులే.

వర్జీనియా పొగాకు వెయ్యాలంటే మీ పొలం మీదైతే సరిపోదు. 1975 నాటి పొగాకు బోర్డు చట్టం ప్రకారం మీరు నమోదైన రైతు అయి ఉండాలి. ఆకు కాల్చే బ్యారన్‌కి లైసెన్సు ఉండాలి. ఈ ఏడు బ్యారన్‌కి ఎన్ని కిలోలు పండించొచ్చో బోర్డు చెబుతుంది. పండించినది బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. మాకు కలిగిరి, డీసీ పల్లి. పాత ప్రకాశంలోకి పోతే ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి. వాన బాగా పడి మొక్క ఏపుగా పెరిగి నాలుగు బేళ్లు ఎక్కువొచ్చాయనుకోండి, అది నేరం లాంటిది. అదనపు పంట అని దానికి పేరు. దాన్ని అమ్ముకోవాలంటే అపరాధ రుసుము. కొన్నేళ్లు కేంద్రం దయతలచి ఆ రుసుము మాఫీ చేస్తుంది, పేపర్లో అభినందనలు పడతాయి.

నేను బ్యారన్ దగ్గర పెరిగాను. ఆకు పచ్చగా కర్రలకి కట్టి లోపల అంచెలంచెలుగా వేలాడదీస్తారు. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఐదారు రోజులు రాత్రింబగళ్లు కాపలా. మొదట్లో మంట తగ్గించి ఆకు పసుపుకి తిరగనివ్వాలి, తర్వాత ఈనె ఎండేదాకా పెంచాలి. ఒక్క రాత్రి కునుకు పట్టి వేడి తప్పితే బ్యారన్ మొత్తం నల్లబడుతుంది. మా మేనమామ గోడకి ఉన్న అద్దంలోంచి టార్చిలైటు వేసి ఆకు రంగు చూసి, లోపలి వేడి ఎంతుందో థర్మామీటరు చూడకుండా చెప్పేవాడు. అలాంటి మనిషికి ఎన్ని కిలోలు పండించాలో ఎక్కడో కూర్చున్నవాళ్లు చెప్పాలా? బ్యారన్ లైసెన్సు లేని రైతు, లైసెన్సున్నవాడి దగ్గర బ్యారన్ కౌలుకి తీసుకుంటాడు. ఆ కౌలు లక్షల్లో పోయిన ఏళ్లున్నాయి. ఆ డబ్బు ఇటుక గోడలకి కాదు, సున్నం పెచ్చులూడిపోయిన గోడలకి ఎవరూ అంతివ్వరు. లైసెన్సు నంబరుకి.

మా మేనమామే నాతో వాదిస్తాడు. "నువ్వు పుట్టకముందు సంగతి నీకేం తెలుసురా. కంపెనీవాడు, దళారీ వచ్చి ఇంటి దగ్గర బేళ్లు తీసుకుపొయ్యేవాళ్లు. రేటు వాడు చెప్పిందే. డబ్బు వాడిచ్చినప్పుడే. వేలం వచ్చినాకనే నలుగురు కొనేవాళ్లు ఒక బేలు చుట్టూ తిరగడం చూసినా. డబ్బు బ్యాంకులో పడతా ఉంది." మామ చెప్పింది నిజం. మన రాష్ట్రంలో వేలాలు 1985లో మొదలయ్యాయి, అంతకుముందు రైతు పడ్డ అవస్థ మా ఇళ్లల్లో కథలు కథలుగా వింటూ పెరిగాం. అందుకే నేను వేలం కేంద్రం మూసెయ్యమనను. నలుగురు కొనేవాళ్లని ఒకచోట చేర్చి, తూకం సరిగ్గా వేసి, డబ్బు ఖాతాలో వేయించే కాంటా మంచిది. రైతు తన ఇష్టంతో అక్కడికి పోతే ఇంకా మంచిది. ఇంకెక్కడా అమ్మకూడదు, ఇంతకన్నా పండించకూడదు, పేరు లేనివాడు నాటకూడదు అనడం దగ్గరే నా పేచీ. కోటా పెడితే ధర నిలబడుతుందన్నారు. 2015లో కోటా ఉంది, బోర్డు ఉంది, లైసెన్సులున్నాయి. ధర కూలిపోయింది. నో బిడ్ అని రాసిన బేళ్లని ట్రాక్టర్లలో వెనక్కి తెచ్చుకున్నారు. ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఎంత పండించాలో చెప్పే అధికారం తీసుకున్నవాళ్లు, పండించినది అమ్ముడుపోనప్పుడు ఆ నష్టాన్ని ఎందుకు తీసుకోలేదు? మామ ఈ ప్రశ్నకి జవాబు చెప్పడు. కండువా దులిపి భుజాన వేసుకుని లేచిపోతాడు. ఆయన స్నేహితుడొకాయన ఆ ఏడాది పోయినవాళ్లలో ఉన్నాడు. అందుకే నేనూ రెట్టించను.

సర్కారుని కాదనడం మన నేలకి కొత్తేం కాదు. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, 2022 దాకా ప్రకాశమే. 1919 తర్వాత చీరాల, పేరాల ఊళ్లని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పది రెట్లు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట విని జనం ఏం చేశారు? ఆఫీసు తగలబెట్టలేదు. రాళ్లు వెయ్యలేదు. ఊరే ఖాళీ చేశారు. నేత నేసేవాళ్లు, కూలీలు, వ్యాపారులు, పిల్లల్నెత్తుకున్న తల్లులు పదమూడు వేల మంది దాకా మునిసిపాలిటీ హద్దు దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. ఎండకి, వానకి, చలికి. మునిసిపాలిటీలో మనుషులే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తావు అని. వాళ్లు గెలవలేదు. నాయకుణ్ణి జైల్లో పెట్టాక, డబ్బులైపోయాక, తిరిగి వచ్చేశారు, మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. గెలవలేదు కాబట్టే నాకు ఆ కథంటే ఎక్కువ గౌరవం. మా నాయనకి మరి ఆ దారి కూడా లేదు. మగ్గం మోసుకుని హద్దు దాటొచ్చు, పొలాన్ని మోసుకుని ఎక్కడికి పోతాం.

సారా వ్యతిరేక పోరాటం లేచిన దూబగుంట సంగతేంది అని అడుగుతారు నన్ను. మా మండలమే కాబట్టి తప్పకుండా అడుగుతారు. ఆడవాళ్లు సారా వద్దంటే సర్కారే కదా ఆపింది, చట్టం లేకుండా ఎట్టా అని. నేను అప్పటివాళ్లని అడిగి తెలుసుకున్నది వేరే. 1992లో రోశమ్మలాంటి ఆడవాళ్లు కొట్లాడింది సర్కారు పెట్టే సారా వేలంపాటల మీద. ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపించే వ్యాపారంలో ఖజానాకి వాటా ఉంది. ఆ ఆడవాళ్లు అడిగింది మా ఊళ్లో ఈ వ్యాపారం నువ్వు చెయ్యొద్దని. దాని తర్వాత సర్కారు 1993లో సారా నిషేధించింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించింది, 1997లో ఎత్తేసింది, 2019 నుంచి 2024 దాకా తానే దుకాణాలు తెరిచి అమ్మింది. నిషేధించే చెయ్యీ, అమ్మే చెయ్యీ ఒకటే అయినప్పుడు ఆ రెండిటినీ నేను నమ్మలేను.

మేము చేసే పని పెద్దదేం కాదు. ఆరుగురం ఉన్నాం. పేరు లేదు, బోర్డు లేదు, చందాలు లేవు. ఆదివారం పొద్దున బస్టాండు పక్క టీ అంగడి బల్లల మీద కూర్చుంటాం. జనం సంచుల్లో కాగితాలు తెస్తారు. సాగు ఎవరిదో చెప్పే అడంగల్, భూమి ఎవరి పేరునుందో చెప్పే 1బి, లావాదేవీలు చూపించే ఈసీ తీసి చూస్తాం. సమాచార హక్కు దరఖాస్తు రాస్తాం, అప్పీలు రాస్తాం. వకీలు అవసరమైతే ఆ మాట చెప్పి పంపిస్తాం. మా ఆరుగురిలో ఒకాయన ఎర్రజెండా మనిషి, దున్నేవాడిదే భూమి అని ముప్ఫై ఏళ్లు తిరిగినవాడు. నాకూ ఆయనకీ సగం విషయాల్లో పడదు. దున్నేవాడి పేరు ఆ గడిలో ఉండాలన్న దగ్గర మాత్రం ఇద్దరం ఒకే దరఖాస్తు మీద సంతకం పెడతాం.

పోయినేడు ఒకామె వచ్చింది. భర్త లేడు. అత్తమామలకి ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన ఎకరంన్నర డీకేటీ పట్టా. 1977 చట్టం ప్రకారం అలాంటి భూమి అమ్మకూడదు, అమ్మినా చెల్లదు. కూతురి వైద్యానికి డబ్బు కావాలి. తెల్ల కాగితం మీద రాయించుకుని కొనడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు, సగం ధరకి. పక్కన అదే నేల, అదే మట్టి, పట్టా భూమి అయితే రెండింతలు. "బీదోళ్లని కాపాడేదానికేనంట సార్ ఈ చట్టం," అందామె, ఆ పట్టా కాగితం నా ముందు పెట్టి. ఆమెని కాపాడిందేమిటో నాకు కనపడలేదు. భూమి ఇచ్చారు, భూమికున్న విలువ ఇవ్వలేదు. 2023లో చట్టం మార్చి, ఇరవై ఏళ్లు దాటినవాటికి పూర్తి హక్కు ఇస్తామన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ముసుగులో అక్రమాలు జరిగాయని, విచారణ తేలేదాకా అని ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమాలు జరిగే ఉంటాయి, పట్టుకోండి, శిక్షించండి. ఈమె చేసిన అక్రమమేంది? ఆమె ఆ తెల్ల కాగితం మీదే అమ్మేసింది. మేము ఆపలేకపోయాం.

నాకు ఎదురయ్యే గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేసి పోను. ఈ జాబితా లేకపోతే చెరువులు, వాగులు, గుట్టలు పలుకుబడి ఉన్నవాళ్లు రాత్రికి రాత్రి రాయించుకుంటారని. రాయించుకుంటారు. నెల్లూరు చుట్టుపక్కల చెరువు గర్భాల్లో లేచిన ఇళ్లు చూసినవాడెవడూ ఈ మాట కాదనడు. చెరువు ఊరిది, దానికి జాబితా ఉండాల్సిందే. కానీ జాబితాలో పెట్టేముందు, అనుభవంలో ఉన్న మనిషికి నోటీసు ఇవ్వాలి. ఏ ఆధారంతో పెడుతున్నారో చెప్పాలి. ఆయన మాట వినాలి. ఇన్నాళ్లలో తేల్చకపోతే దానంతటదే తొలగిపోయే గడువుండాలి. తప్పుగా పెట్టి ఐదేళ్లు మనిషిని వడ్డీల పాలు చేస్తే ఆ వడ్డీ ఎవరో కట్టాలి. పలుకుబడి ఉన్నవాడికి ఇవేవీ అక్కర్లేదు, ఆయన ఫోను చేసి తీయించుకుంటాడు, లేకపోతే హైకోర్టుకి పోతాడు. నోటీసు అవసరమైంది మా నాయనకే.

చుక్కల భూములకని 2017లోనే ఒక చట్టం చేశారు. పన్నెండేళ్లకి పైగా అనుభవంలో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే కమిటీ చూస్తుందని. నాయన పెట్టుకున్నాడు. శిస్తు రశీదులు, పాసు పుస్తకం, 1958 దస్తావేజు, అన్నిటికీ నకళ్లు మూడేసి కట్టలు. కాగితం కనపడలేదని ఒకసారి, సార్ మారాడని ఒకసారి, మళ్లీ పెట్టమని ఒకసారి. ఏ ఆఫీసని పేరు పెట్టి చెప్పను, అక్కడివాళ్లలో మంచివాళ్లు ఉన్నారు, ఒకమ్మాయి మా నాయనకి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు అయిదేళ్లు గడిచాయి. 2022 డిసెంబరులో నాయన పోయాడు.

2023 మే 12న ముఖ్యమంత్రి కావలి వచ్చారు. చుక్కల భూములకి విముక్తి అని సభ. రాష్ట్రం మొత్తం మీద 2 లక్షల 6 వేల ఎకరాలు, 97 వేలకి పైగా రైతు కుటుంబాలు. మా నంబరు కూడా అందులో ఉంది. నేను సభకి పోయాను. ఎండకి జనం తలల మీద కండువాలు కప్పుకుని కూర్చున్నారు, మైకులో హక్కులు ఇస్తున్నామని చెబుతుంటే చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషపడ్డాను. పడలేదంటే అబద్ధం. ఆ నిర్ణయం తీసుకున్నందుకు ఆ ప్రభుత్వానికి నిజంగానే నా ధన్యవాదాలు. కానీ ఇస్తున్నాం అన్న మాట చెవిలో పడ్డప్పుడల్లా గుడ్డ అంటించిన ఆ దస్తావేజే గుర్తొచ్చింది. మా తాత డబ్బుతో కొన్నది, మా నాయన చేతిలో వణికినది. లాక్కున్నప్పుడు సభ పెట్టలేదు కదా. అప్పట్లో వచ్చే పాసు పుస్తకాల మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండేది. ఇప్పుడు దాన్ని తీసేసి రాజముద్ర వేస్తున్నారు, అది నయం. 2022లో తెచ్చిన భూ హక్కుల చట్టాన్ని, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్టుని, 2024లో రద్దు చేశారు, అదీ నాకు సంతోషమే. ఏ పార్టీ చేసినా మంచిని మంచనే అంటాను. నా భూమి మీద హక్కు ఏ పార్టీ గెలిచిందన్న దాన్ని బట్టి రావడం, పోవడం మాత్రం నాకు నిద్ర పట్టనివ్వదు.

ఇప్పుడు పొలం 1బిలో నాయన పేరే ఉంది. దాన్ని అమ్మ పేరుకి మార్పించాలి. మరణ ధ్రువీకరణ పత్రం ఉంది, కుటుంబ సభ్యుల పత్రం రెండోసారి వెనక్కొచ్చింది, అందులో చెల్లెలి ఇంటిపేరు పెళ్లి ముందుదా, తర్వాతదా అని. సోమవారం మళ్లీ పోతున్నాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది. అమ్మ చదువుకోలేదు, ఇన్నేళ్లూ వేలిముద్రే. వారం నుంచి సాయంత్రాలు పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో తన పేరు రాసుకుంటోంది. ఇంటిపేరు దగ్గర సున్నా పెట్టడం మర్చిపోతోంది, చెరిపి మళ్లీ రాస్తోంది. గడి చిన్నదిగా ఉంటుందంటనే, పట్టుద్దా అని అడిగింది రాత్రి.